దీర్ఘం అమ్మ చెవికి తెలుసు

"అయ్యగారూ, మా పోరడు అక్షరాలన్నీ రాస్తడు గాని, చదవమంటే తప్పులు చదువుతడు. మాకేమో సదువు రాకపాయె. ఎట్ల నేర్పాలె?"

జహీరాబాదు చుట్టుపక్కల పల్లెలలో ఇండ్లు దర్శించినప్పుడు తల్లులు మమ్మును తరచుగా అడిగే ప్రశ్న ఇది. పిల్లల పక్కన కూర్చొని ఆ తప్పులు విన్నాము. చాలామట్టుకు అవి ఒకే రకమైనవి. "నేల" అని ఉంటే "నెల" అంటారు. "పూట" కాస్తా "పుట" అవుతుంది. అక్షరం వచ్చింది, దీర్ఘం జారిపోయింది.

ఒకసారి ఒక పిల్లవాడు "మేడ మీద పావురం" అని ఉన్నదానిని "మెడ మీద పావురం" అని చదివాడు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాము. తరువాత కొన్ని వారాలు వాడు పుస్తకం ముట్టలేదు. ఆ తప్పు వానిది కాదు, మాది.

గుణింతం రాగం తీసి అప్పజెప్పించడం మనకు అలవాటు. పిల్లలకు పాట కంఠతా వస్తుంది. మధ్యలో "కూ" ఒక్కటి చూపిస్తే మాత్రం "క" దగ్గర నుండి పాడుకుంటూ రావలసిందే!

గనుక గుర్తుకంటే ముందు శబ్దం నేర్పాలి. హ్రస్వం పలకడానికి ఒక మాత్ర కాలం, దీర్ఘానికి రెండు. అ-ఆ, ఇ-ఈ, ఉ-ఊ, ఎ-ఏ, ఒ-ఓ జంటలలో ముఖ్యమైన తేడా ఇదే. జొన్నరొట్టె చేస్తూనే దీనిని నేర్పవచ్చును. హ్రస్వానికి ఒకసారి, దీర్ఘానికి రెండుసార్లు రొట్టెను తట్టండి. "నెల"కు రెండు, "నేల"కు మూడు. పిల్లలకు ఇది ఆటగా ఉంటుంది. చెవికి తేడా పట్టుబడిన తరువాత గుడిని, గుడిదీర్ఘాన్ని పలక మీద పక్కపక్కన రాసి చూపించండి. రోజుకు ఒక జంట చాలు.

మన బజారులో కనబడే ఉర్దూ రాతలో హ్రస్వాచ్చుల గుర్తులు సాధారణంగా వేయరు. మాటను బట్టి గ్రహించాలి. తెలుగులో ఆ చిక్కు లేదు. ప్రతి అచ్చుకు గుర్తు ఉంది.

2022-23 విద్యాసంవత్సరంలో తెలంగాణ ప్రభుత్వ బడులలో 1 నుండి 8 తరగతులకు ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. ఆ భాషలో "లాంగ్ వవెల్" సంగతి వేరు. అక్కడ శబ్దమే మారుతుంది. "కిట్" చివర 'ఇ' అక్షరం చేర్చితే "కైట్" అవుతుంది. "క్యాప్"కు చేర్చితే "కేప్" అవుతుంది. చివరి 'ఇ' పలకదు గాని ముందున్న అచ్చును మారుస్తుంది. మన సాగదీసే సూత్రం అక్కడ పనిచేయదని పిల్లలకు విడిగా చెప్పాలి.

అమ్మలారా, మీకు అక్షరాలు రాకపోవచ్చును. అయినా "నేల" వేరు, "నెల" వేరు అని మీ చెవికి తెలుసు. సాయంకాలం పది నిమిషాలు బిడ్డ చదువుతుంటే వినండి. మాట కుదరనిచోట, "బిడ్డా, మళ్ళొకసారి చూడు" అనండి. నవ్వకండి.