పాముకు కుండే ఇల్లు

మొన్నటి సెలవులలో మా ఇంటి పెద్ద కుర్రవాడు చెక్కపెట్టెకు ఇనుప జాలీ బిగించి, పాముకు ఇల్లు సిద్ధమైనదన్నాడు. పాము ఇంకా దొరకలేదు, దైవకృప! అయినా వాళ్ల బామ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన పాములను ఇంట పెంచరాదని వానికి నచ్చజెప్పి, ముచ్చట తీరుటకు మహాబలిపురం దారిలోని వడనెమ్మేలికి తీసికొనిపోయినాము.

అక్కడ ఇరుళర్ల సహకార సంఘం 1978లో ఏర్పడినది. పాముచర్మాల వ్యాపారం నిషేధింపబడి జీవనం పోయిన ఆ కుటుంబాలవారు, ఇప్పుడు పామును చంపక విషం మాత్రమే తీస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషంతోనే మన దేశంలో పాముకాటు మందు తయారవుతున్నది.

ఇక ఆ పాముల ఇల్లు మన నీళ్లకుండ వంటి మట్టికుండే! మూతికి నూలుగుడ్డ కప్పి త్రాటితో బిగిస్తారు. గాలి ఆడుతుంది, లోపల చీకటి, చల్లదనం. పాముకు కావలసినది మరుగు. మా వాని పెట్టెలో అన్ని వైపులా వెలుతురే! పైగా బయటపడ జూచి జాలీకి రాచుకొని రాచుకొని పాము ముక్కు పుండుపడేది.

మూడు నాలుగు వారాలుంచి, వారానికొకసారి విషం తీసి, పొట్ట పొలుసుకు గుర్తుపెట్టి అడవిలో వదులుతారు. ఆ గుర్తున్న పాము వెంటనే మరల చిక్కితే విడిచిపెడతారు.

తిరుగు ప్రయాణంలో కుర్రవాడు పలుకలేదు. ఇంటికి రాగానే జాలీ ఊడదీసి, వడియాలపై కాకులు వాలకుండా కప్పుకోమని బామ్మకిచ్చాడు.