మధ్యాహ్నానికే పడుకునే ఫోను

సెకనుకోసారి రాసుకోమని పెట్టావా ఫోనుని? ఇంకేం, భోజనాలవేళకి పడుకోక ఏం చేస్తుంది! "ఎన్ని ఎక్కువసార్లు రాసుకుంటే పటం అంత బాగా వస్తుంది కదా తాతయ్యా" అంటున్నావు. అక్కడే నీకూ నాకూ పేచీ. కూర్చో అమ్మడూ, ఆ మజ్జిగ తాగుతూ విను.

ముందు నువ్వు చేస్తున్న పనేమిటో మీ అమ్మమ్మకి కూడా తెలిసేలా చెప్పుకుందాం. నువ్వు వీధుల్లో తిరుగుతుంటే, చుట్టుపక్కల ఏ వైఫై రౌటర్లు వినబడుతున్నాయో, ఏ సెల్ టవర్లు అందుతున్నాయో, ఎంత గట్టిగా అందుతున్నాయో నీ ఫోను చూస్తుంది. అప్పుడు తానెక్కడుందో జీపీఎస్‌ని అడిగి, రెండూ కలిపి రాసుకుంటుంది. ఇలా ఊరూరా జనం రాసినవన్నీ ఒకచోట చేరిస్తే పెద్ద పటం తయారవుతుంది. అది చేతిలో ఉంటే, జీపీఎస్ అందని గదిలో కూర్చున్నవాడి ఫోను కూడా వినబడే రౌటర్లని బట్టి తన చోటు చెప్పేస్తుంది. విగిల్ అనే వాళ్ళు ఈ పని 2001 నుంచీ చేస్తున్నారు. ఫైర్‌ఫాక్స్ వాళ్ళ మొజిల్లా సంస్థ 2013లో మొదలుపెట్టి, 2024లో మూసేసింది. జీతం లేకపోయినా సరదాకొద్దీ తిరిగే నీలాంటి వాళ్ళ కాళ్ళ మీదే ఇలాంటి పటాలు నిలబడ్డాయి.

ఇప్పుడు లెక్క చూద్దాం. నీ ఫోను బ్యాటరీ 5000 మిల్లీ ఆంపియర్ గంటలు. దాన్ని సుమారు 3.85 వోల్టులతో హెచ్చవేస్తే 19 వాట్ గంటలు. అంటే ఒక్క వాటు చొప్పున వాడితే పందొమ్మిది గంటలు వస్తుంది. ఎండలో వెలుతురు పూర్తిగా పెంచిన తెర ఒక్కటే అటూ ఇటూగా ఆ ఒక్క వాటూ తినేస్తుంది. పటం మీద చుక్కలు పడుతుంటే చూసుకుని మురిసిపోవడం బాగానే ఉంటుంది గానీ, ఈ సర్వేలో అన్నిటికన్నా ఖరీదైన పని అదే. తెర ఆర్పి జేబులో వేసుకో. సగం గొడవ అక్కడే తీరుతుంది.

మిగతా సగం జీపీఎస్‌తో. ఆ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. అక్కడినుంచి నీ ఫోనుకి చేరే సంకేతం ఎంత బలహీనమో తెలుసా? కోటిని కోటితో హెచ్చవేసి, దాన్ని మళ్ళీ వందతో హెచ్చవెయ్యి. ఒక వాటుని అన్ని ముక్కలు చేస్తే అందులో ఇంచుమించు ఒక ముక్క. ఫోనులో ఎలక్ట్రానిక్స్ తమంతట తాము చేసుకునే రొద కూడా దానికన్నా ఎక్కువే. ఆ రొదలోంచి నాలుగైదు ఉపగ్రహాల గొంతుల్ని వేరుచేసి పట్టుకోవాలంటే చిప్పు ఆగకుండా లెక్కలు కడుతూ ఉండాలి. పైగా ఉపగ్రహం తానెక్కడుందో చెప్పే సమాచారాన్ని సెకనుకి 50 బిట్ల చొప్పున మెల్లగా చదువుతుంది. అది ముప్ఫై సెకన్లకోసారి తిరిగి వస్తుంది. అంతసేపు కాచుకోలేక నీ ఫోను ఆ సమాచారాన్ని ఇంటర్నెట్‌లోంచి తెచ్చుకుంటుందనుకో. అది రెండు మూడు గంటలపాటు పనికొస్తుంది.

"అయితే పది సెకన్లకోసారి ఆన్ చేసి, చోటు తెలియగానే ఆపేస్తే?" అంటావు. మన పెరట్లో కట్టెల పొయ్యి చూశావుగా. మంట అందుకునేదాకా ఊదాలి, పుల్లలు పెట్టాలి, కళ్ళు మండాలి. కాసేపట్లో మళ్ళీ కావాలనుకున్న మంటని ఆర్పితే, మిగిల్చిన కట్టెల కంటే రాజేయడానికి పట్టేవే ఎక్కువ. జీపీఎస్ కూడా ఆపి మళ్ళీ లేపితే, ఉపగ్రహాలని తిరిగి పట్టుకోవడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది, ఆ మొదటి జవాబు కూడా అంత నికరంగా ఉండదు. కాబట్టి విరామం పది సెకన్లైతే అలా నడవనివ్వడమే మేలు. నిమిషం దాటితే ఆపెయ్యొచ్చు. ఈ మధ్యలో ఎక్కడ గీత గీయాలన్నది ఫోనుని బట్టి ఉంటుంది. నీ ఫోనులో రెండు రకాలుగానూ ఓ గంట చొప్పున పెట్టి చూసుకో.

అసలు సెకనుకోసారి ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు చెబుతాను. మామూలుగా నడిస్తే సెకనుకి 1.4 మీటర్లు కదులుతావు. పైన ఏ అడ్డూ లేని చోట కూడా ఫోను జీపీఎస్ ఓ అయిదు మీటర్లు అటూ ఇటూ చెబుతుంది. అంటే వరసగా రాసుకున్న మూడు నాలుగు చోట్లు ఆ తప్పు లోపలే పడి ఉంటాయి. నువ్వు నాలుగుసార్లు రాశాననుకుంటావు, పటానికి మాత్రం దక్కింది ఒకటే. వైఫై సంగతి ఇంకా విచిత్రం. ప్రతి రౌటరూ "నేనిక్కడున్నా" అని సెకనులో పదోవంతుకోసారి, కచ్చితంగా చెప్పాలంటే మామూలుగా 102.4 మిల్లీసెకన్లకోసారి, పలుకుతూ ఉంటుంది. కానీ అవన్నీ ఒకే ఛానెల్లో పలకవు. మన దేశంలో 2.4 గిగాహెర్ట్‌జ్ లోనే పదమూడు ఛానెళ్ళు. 5 గిగాహెర్ట్‌జ్ లో మరో ఇరవై పైచిలుకు. వాటిల్లో కొన్ని రాడార్లతో పంచుకునేవి కాబట్టి, అక్కడ ఫోను "ఎవరున్నారు?" అని ముందుగా అరవకూడదు. నోరు మూసుకుని వినాల్సిందే. ఒక్కో ఛానెల్ దగ్గరా ఆగి వింటూ పోతే మొత్తం ఒక చుట్టు తిరగడానికి రెండు నుంచి నాలుగు సెకన్లు. మరి నువ్వు సెకనుకోసారి రాయమంటే అది ఏం రాస్తుంది, పాపం? పాత జాబితానే మళ్ళీ మళ్ళీ రాస్తుంది.

అదే భీమిలి బస్సెక్కావనుకో. గంటకి 40 కిలోమీటర్లంటే సెకనుకి 11 మీటర్లు. ఒక్క చుట్టు పూర్తయ్యేలోపు ఇరవై నుంచి నలభై మీటర్లదాకా వెళ్ళిపోతావు. మొదటి ఛానెల్లో విన్న రౌటర్ ఒక చోట, చివరి ఛానెల్లో విన్నది ఇంకో చోట, చిట్టాలో మాత్రం రెండూ ఒకే చోట. ఇక్కడ జీపీఎస్‌ని ఎంత తరచుగా అడిగినా ఈ మసక పోదు. బస్సు నెమ్మదించాలి, లేదా నువ్వు దిగి నడవాలి.

అందుకని నేను చెప్పేదేమిటంటే, గడియారం వదిలేసి అడుగులు పట్టుకో. ఇంట్లో పెట్టిన రౌటర్ వీధిలోకి ఓ యాభై మీటర్లు వినబడుతుందనుకుందాం. ఇరవై మీటర్లకోసారి విన్నావంటే దారిలో ప్రతి రౌటరూ నీకు నాలుగైదుసార్లు తగులుతుంది. నడకలో అది పదిహేను సెకన్లకోసారి. గంటకి 30 కిలోమీటర్ల స్కూటరు మీద రెండున్నర సెకన్లకోసారి, అంటే ఫోనుకి చేతనయినంత వేగం. ఇడ్లీ బండి దగ్గర నిలబడితే? అసలు వద్దు. ఫోనులో కదలికని కనిపెట్టే యాక్సెలరోమీటర్ ఉంటుంది కదా, జీపీఎస్‌తో పోలిస్తే దాని ఖర్చు లెక్కలోకే రాదు. "కదిలితే నన్ను లేపు" అని దానికి అప్పచెప్పి మిగతావన్నీ నిద్రపోవచ్చు. ఆండ్రాయిడ్‌లో ఆ ఏర్పాటు 2013 నుంచీ ఉంది. యాప్ సెట్టింగుల్లో "ఇన్ని మీటర్లకోసారి" అనే మాట కనబడితే సంతోషంగా దాన్ని ఎంచుకో.

చెప్పడం మరిచాను, ఇంత చెప్పినా ఆండ్రాయిడే పెట్టిన కట్టడి ఒకటుంది. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి, ముందువరసలో (ఫోర్‌గ్రౌండ్‌లో) నడిచే యాప్ రెండు నిమిషాల్లో నాలుగుసార్లు మాత్రమే వైఫై చుట్టు అడగొచ్చు. వెనకాల నడిచే యాప్‌లన్నిటికీ కలిపి అరగంటకి ఒక్కసారి! బ్యాటరీ కాపాడుదామనే పెట్టారు, తప్పు పట్టను. కానీ లెక్క చూడు: నాలుగుసార్లంటే సగటున ముప్ఫై సెకన్లకోసారి. నడిచేవాడికి నలభై రెండు మీటర్లు, సరిపెట్టుకోవచ్చు. బస్సులో వాడికి మూడొందల ముప్ఫై మీటర్లు, మధ్యలో వీధులకి వీధులే ఎగిరిపోతాయి. ఆండ్రాయిడ్ 10 నుంచి డెవలపర్ ఆప్షన్లలో ఈ కట్టడిని తీసేసే మీట పెట్టారు. సర్వేకి వెళ్ళేటప్పుడు తీసెయ్యి, ఇంటికొచ్చాక మళ్ళీ పెట్టెయ్యి. మీ అన్నయ్య ఐఫోనులో అయితే మామూలు యాప్‌లకి ఈ జాబితానే ఇవ్వరు, కాబట్టి వాణ్ణి పిలవకు.

సెల్ టవర్ల విషయంలో మాత్రం పిసినారితనం అక్కర్లేదు. నీకు కాల్ వస్తే మోగాలి కాబట్టి ఫోను ఎలాగూ టవర్‌ని ఓ చెవితో వింటూనే ఉంటుంది. తెలిసిన సంగతిని అడిగి రాసుకోవడానికి పెద్దగా ఖర్చుండదు.

"పవర్ బ్యాంకు పెట్టుకుంటా" అంటావా? పెట్టుకో. పదివేల మిల్లీ ఆంపియర్ గంటలదని కొంటావు గానీ, ఆ పదివేలు లోపలి సెల్లు వోల్టేజి దగ్గర లెక్క. అయిదు వోల్టులకి పెంచేటప్పుడు కొంత, ఫోనులోకి ఎక్కేటప్పుడు కొంత పోయి, నీ ఫోనుని నిండుగా ఒకసారి, ఆపైన కొసరుగా ఇంకాస్త నింపగలదు. మండుటెండలో స్కూటరు హ్యాండిల్‌కి బిగించి ఛార్జి ఎక్కిస్తూ మాత్రం తిరగకు. వేడికి లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది.

నిజానికి బ్యాటరీ కంటే దారి ఎంపికే ముఖ్యమని నా అభిప్రాయం. నువ్వు విశాఖ బీచ్ రోడ్డు మీద వేసిన చుక్కలే చూడు. రౌటర్ ఎక్కడుందో ఎవరూ లోపలికెళ్ళి చూడరు కదా, అది వినబడిన చోట్లన్నిటికీ బలాన్ని బట్టి సగటు కడతారు. నువ్వు నడిచింది సముద్రం ఒడ్డున. విన్న చోట్లన్నీ ఒకే వైపు. దాంతో మేడ మీదున్న రౌటర్లన్నీ పటంలో కిందికి దిగి, ఒడ్డున మ్యూజియంగా నిలిపిన కురుసుర జలాంతర్గామి పక్కన ఇసకలో నిలబడతాయి. అదే రోడ్డు మీద ఇంకో వందసార్లు విన్నా ఆ సగటు ఇసక దాటదు. మేడల వెనక పాండురంగాపురం సందుల్లో ఒక్కసారి తిరిగితే చాలు, అవి లేచి ఇళ్ళల్లోకి వెళ్ళిపోతాయి. ఒకే ఛార్జిని అటు సగం, ఇటు సగం పంచుకో.

ఇక పంపడం. రాసింది రాసినట్టు మొబైల్ డేటాలో పంపకు. ఒక్క చిన్న ముక్క పంపినా, ఇంకేమైనా వస్తుందేమోనని రేడియో ఆ తర్వాత కూడా కొన్ని సెకన్లు, ఒక్కోసారి పదిదాకా, మేలుకునే ఉంటుంది. రోజంతా ముక్కలు ముక్కలుగా పంపితే అది నిద్రపోయేదెప్పుడు? మూటకట్టి ఉంచి, రాత్రి ఛార్జర్ పెట్టాక ఇంటి వైఫైలో ఒక్కసారే పంపెయ్యి.

మన ఇంటి రౌటర్ కూడా ఆ మూటలోకి ఎక్కుతుంది, గుర్తుందా? వద్దనుకుంటే దాని పేరు చివర అండర్‌స్కోర్ పెట్టి నోమ్యాప్ (_nomap) అని చేర్చాలి, గూగుల్ లాంటి వాళ్ళు అప్పుడు దాన్ని వదిలేస్తారు. చేర్చాలా వద్దా అన్నది మీ అమ్మమ్మని అడుగు. బిల్లు కట్టేది ఆవిడే.