కాఫీగ్లాసు అడుగున తెల్లపొడి

“జబ్బు నాకు కాదు, మీకు!” అని తలుపు వేసుకున్నాడట కొడుకు. 26 ఏళ్ళవాడు. ఇంజనీరింగు చదివాడు. ఏడాదిగా ఉద్యోగానికి వెళ్ళడం లేదు. రాత్రిళ్ళు నిద్రపోడు. ఎదురింటివాళ్ళు తన మాటలన్నీ వింటున్నారంటాడు. తండ్రి నాకు మిత్రుడు. ఈ సంగతి చెబుతూ కళ్ళజోడు తీసి మూడుసార్లు తుడుచుకున్నాడు పాపం!

ఇటువంటి ఇళ్ళు ఎన్ని ఉన్నవో! కాలు విరిగితే పదిమందికీ చెప్పుకుంటాము. మనస్సు చెదిరితే మాత్రం వాకిలి మూస్తాము.

తల్లిదండ్రులు మొదట గ్రహించవలసిన సంగతి ఒకటున్నది. స్కిజోఫ్రీనియా వంటి జబ్బులు వచ్చినవారిలో చాలామందికి తమకు జబ్బున్నదనే తెలియదు. చూసేవారికి అది మొండితనంగా కనిపిస్తుంది గాని, జబ్బు చేసే పనుల్లో అదీ ఒకటి. వైద్యులు దీనిని ‘అనోసోగ్నోసియా’ అంటారు. 1914లో బాబిన్‌స్కీ అనే వైద్యుడు పారిస్‌లో పక్షవాత రోగులను గూర్చి ఈ పేరు పెట్టాడు. చెయ్యి పడిపోయినా, పడిపోలేదనే అనుకునేవారు వాళ్ళు! అటువంటివారితో వాదించి గెలిచేదెవరు?

నా మిత్రుడు వాదించాడు, బతిమాలాడు, కసిరాడు. చివరకు ఎవరి సలహామీదనో తల్లి మాత్రను పొడిచేసి కాఫీలో కలిపింది. పదిరోజులు గడిచినవి. పదకొండోనాడు గ్లాసు అడుగున తెల్లపొడి కుర్రవాడి కంటబడింది. నాటినుంచి ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టడు. విషం పెడుతున్నారన్న అతని అనుమానానికి కన్నతల్లే సాక్ష్యం చూపినట్లయింది.

మరేమి చెయ్యాలి? అమెరికాలో జేవియర్ అమడార్ అనే మనస్తత్వవేత్తకు ఇదే చిక్కు వచ్చింది. ఆయన అన్నగారికి స్కిజోఫ్రీనియా. ఏళ్ళతరబడి అన్నతో వాదించి, ఓడి, నేర్చుకున్న పాఠాన్ని 2000లో పుస్తకంగా వెలువరించాడు. ముందు వినమంటాడాయన. ఎదురింటివాళ్ళు వింటున్నారన్నమాట నిజమని మీరు ఒప్పుకోనక్కరలేదు. “అలా అనిపిస్తుంటే ఎంత భయంగా ఉంటుందో, నాయనా!” అంటే చాలు. తరువాత, ఇద్దరికీ సమ్మతమైన విషయం ఒకటి వెతకాలి. జబ్బు లేదనేవాడు కూడా నిద్ర లేదంటే ఒప్పుకుంటాడు. ఆ నిద్రకోసమే డాక్టరుగారి దగ్గరకు రావచ్చు. ఆ డాక్టరెవరో మాత్రం దాచవద్దు.

అందాకా చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. బిడ్డ రాకపోయినా మీరు వెళ్ళి వైద్యుణ్ణి కలుసుకోవచ్చు. 2022లో ప్రారంభమైన ‘టెలి మానస్’కు 14416 నంబరులో ఏవేళనైనా ఉచితంగా ఫోను చెయ్యవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

అయితే తనకుగాని, ఇతరులకుగాని హాని చేసే స్థితి వస్తే? అప్పుడు ఓర్పు ఒక్కటే చాలదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 89వ సెక్షను అందుకే ఉన్నది. రోగి తరఫు ప్రతినిధి దరఖాస్తు పెట్టాలి. రోగి ఎవరినీ నియమించుకోకపోతే బంధువు ఆ ప్రతినిధి కావచ్చు. ఒక సైకియాట్రిస్టు, మరొక వైద్యుడో మానసిక ఆరోగ్య నిపుణుడో విడివిడిగా పరీక్షించి అవసరమంటే, 30 రోజులదాకా ఆసుపత్రిలో చేర్చుకోవచ్చు. గొలుసులతో కట్టివెయ్యడాన్ని ఆ చట్టమే నిషేధించింది.

మొన్న మిత్రుడు మళ్ళీ కనిపించాడు. తల్లి మూసిన తలుపు దగ్గర నిలబడి, “తప్పు చేశాను బాబూ! ఇకమీదట నీకు తెలియకుండా ఏదీ కలపను” అన్నదట. జవాబు రాలేదు. ఆనాటినుంచి గుమ్మం దగ్గర ఒలవని అరటిపళ్ళు, కొట్టని కొబ్బరిబొండం పెడుతున్నది. ఎవరూ ఏమీ కలపలేనివి!

మూడు వారాలకు, అర్ధరాత్రివేళ తలుపు ఓరగా తెరుచుకున్నది.

“నిద్ర పట్టడం లేదమ్మా!”

ఆవిడ మందు మాట ఎత్తలేదు. “రా నాయనా, కూర్చో” అన్నది.