స్మార్ట్ లాక్ కొంటున్నారా..? యాప్ కంటే ముందు మీ తలుపు చూసుకోండి!

అమ్మానాన్న హైదరాబాద్ ఫ్లాట్‌లో.. పిల్లలు డల్లాస్‌లో. హోమ్ నర్సు వచ్చి బెల్ కొడుతోంది. నాన్న స్నానానికి వెళ్లారు, అమ్మ మోకాళ్ల నొప్పులతో లేవలేకపోతోంది. అక్కడ ఫోన్‌లో నొక్కితే ఇక్కడ తలుపు తెరుచుకుంటే ఎంత బాగుంటుంది! స్మార్ట్ లాక్ అమ్మేవాళ్లు చెప్పేది ఇదే. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే వేసవిలో ఇక్కడ ఉదయం పదిన్నర అంటే డల్లాస్‌లో అర్ధరాత్రి. ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. అదే టైమ్‌కి ఇక్కడ కరెంటు పోయి రౌటర్ కూడా ఆగిపోవచ్చు.

స్మార్ట్ బల్బు మొరాయిస్తే కాసేపు చీకట్లో కూర్చుంటాం, అంతే. తలుపు విషయం అలా కాదు. అందుకే ఈ తాళం ఎన్ని రకాలుగా తెరుచుకుంటుందని కాదు, మిగతావన్నీ ఆగిపోయిన రోజున తెరుచుకుంటుందా లేదా అని ముందు అడగాలి.

ఇది ఉత్తి భయం కాదు. 2017 ఆగస్టులో అమెరికాలో లాక్‌స్టేట్ అనే కంపెనీ తన తాళాలకు ఇంటర్నెట్ ద్వారా ఒక అప్‌డేట్ పంపింది. తీరా చూస్తే అది వేరే మోడల్‌కి వెళ్లాల్సిన అప్‌డేట్! దాదాపు 500 తాళాలు కోడ్ కొట్టినా పలక్కుండా మూగబోయాయి. ఇళ్లను ఎయిర్‌బీఎన్‌బీలో అద్దెకిచ్చే వాళ్లు కూడా ఇరుక్కున్నారు. తాళం వెనక భాగం విప్పి కంపెనీకి పంపడమో, కొత్తది వచ్చేదాకా ఆగడమో చేయాల్సి వచ్చింది. ఇక 2025 అక్టోబర్ 20న అమెజాన్ క్లౌడ్‌లో సమస్య వస్తే అలెక్సా, రింగ్ లాంటి సర్వీసులు కూడా దెబ్బతిన్నాయి. ఇంటి తలుపు ఎక్కడో ఉన్న సర్వర్ మీద ఆధారపడితే ఎలా ఉంటుందో ఈ రెండూ చూపించాయి.

అమెరికా నుంచి తెప్పిస్తున్నారా.. ఆగండి!

మన తెలుగు ఇళ్లల్లో తరచూ జరిగే పొరపాటు ఇది. ఆఫర్‌లో వచ్చిందని అక్కడి నుంచి సూట్‌కేసులో తాళం తెస్తారు. అమెరికా తాళాల్లో ఎక్కువ భాగం డెడ్‌బోల్ట్‌లు. అక్కడి తలుపులకు సుమారు 54 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం ముందే ఉంటుంది, తాళం అందులో కూర్చుంటుంది. మన దగ్గర ఎక్కువగా ఉండేవి మార్టిస్ లాక్, రిమ్ లాక్, లేదంటే పాత గడియ. కార్పెంటర్ తలుపు కోసి బిగించినా ఇంకో చిక్కు మిగిలే ఉంటుంది. జడ్‌-వేవ్ అనే రేడియోతో పనిచేసే తాళమైతే అమెరికాలో 908 మెగాహెర్ట్జ్ దగ్గర మాట్లాడుతుంది, మన దేశంలో దానికి ఇచ్చింది 865. ఇక్కడ కొన్న హబ్‌కి, అక్కడి తాళానికి మాట కలవదు. సెట్టింగ్ మారిస్తే కుదిరే పని కూడా కాదు.

ఇక్కడే కొన్నా టేపు తీసి కొలవాల్సిందే. తలుపు మందం ఎంత, పక్క చట్రం వెడల్పు ఎంత, బయట గ్రిల్ డోర్ ఉంటే హ్యాండిల్‌కి తగులుతుందా.. ఈ మూడూ రాసుకుని షాపుకి వెళ్లాలి. ఇంకో సంగతి, వానాకాలంలో చెక్క తలుపు ఉబ్బుతుంది. భుజంతో నెడితే గానీ గడియ పడని తలుపుకి మోటారు తాళం పెడితే బోల్ట్ సగంలో ఇరుక్కుంటుంది, బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది. ముందు కార్పెంటర్‌ని పిలిచి చిత్రిక పట్టించాలి. వేలు పోసి కొన్న తాళానికి అడ్డం పడేది చాలాసార్లు ఈ చిన్న పనే.

వైఫై, జిగ్‌బీ, మ్యాటర్.. ఏది తీసుకోవాలి?

నేరుగా వైఫైతో కలిసే తాళానికి హబ్ అక్కర్లేదు, అదే దాని సుఖం. కానీ బ్యాటరీని ఎక్కువ తాగేది కూడా అదే. బ్లూటూత్ తాళం పొదుపుగా ఉంటుంది గానీ ఊరి నుంచి తెరవాలంటే గేట్‌వే కావాలి. కొన్ని బాక్సుల మీద ‘వైఫై’ అని పెద్దగా ఉంటుంది, గేట్‌వే మాత్రం విడిగా కొనుక్కోవాలని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అడిగి కొనడం మంచిది.

ఇంట్లో ఇప్పటికే హోమ్ అసిస్టెంట్ లాంటి సొంత సెటప్ ఉంటే జిగ్‌బీ గానీ, మ్యాటర్ గానీ ఉన్న తాళమే సరైనది. 2022 అక్టోబర్‌లో విడుదలైన మ్యాటర్ మొదటి వెర్షన్ నుంచే తలుపు తాళాలకు సపోర్ట్ ఉంది. యాపిల్, గూగుల్, అమెజాన్ మూడింటితోనూ కలవడం ఒక లాభం. అంతకంటే పెద్ద లాభం, ఇంటర్నెట్ లేకపోయినా ఇంటి నెట్‌వర్క్‌లోనే పనిచేయడం. అయితే మ్యాటర్ తాళం థ్రెడ్ మీద నడిచేదైతే హోమ్‌పాడ్ మినీ లాంటి బోర్డర్ రౌటర్ ఒకటి ఇంట్లో ఉండాలి.

కరెంటు పోతే తాళం ఆగదు, అది బ్యాటరీ మీద నడుస్తుంది. ఆగేది రౌటర్, హబ్. ఆ రెండింటికీ ఇన్వర్టర్ లైను ఇవ్వాలి, లేదంటే చిన్న రౌటర్ యూపీఎస్ పెట్టుకోవాలి. బ్యాటరీల విషయంలో కంపెనీ ఆల్కలైన్ వేయమంటే అవే వేయాలి. రీఛార్జబుల్ సెల్స్ వోల్టేజీ తక్కువ, పైగా చివరిదాకా నిలకడగా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది. వాటితో తాళం చూపించే బ్యాటరీ శాతం నమ్మలేం. బయటి నుంచి టైప్-సి కేబుల్‌తోనో, 9 వోల్టుల బ్యాటరీతోనో ప్రాణం పోసే వీలుందా, మామూలు తాళంచెవి ఉందా.. ఈ రెండూ లేని తాళం ఎంత అందంగా ఉన్నా వదిలేయడమే మేలు.

అమ్మమ్మ వేలు పడుతుందా?

ఆధార్ వేలిముద్ర పడక రేషన్ షాపు దగ్గర ఇబ్బంది పడే పెద్దవాళ్లను చూస్తూనే ఉంటాం. అరిగిపోయిన వేళ్లు ఇంటి తాళం దగ్గర కూడా అరిగిపోయినవే. తడి చేయి, పిండి అంటిన చేయి, గోరింటాకు పెట్టుకున్న వేలు కూడా ఒక్కోసారి సెన్సర్‌ని తికమక పెడతాయి. కాబట్టి షాపులో డెమోకి పెద్దవాళ్లను కూడా తీసుకెళ్లాలి. వాళ్ల వేలు పట్టకపోతే కార్డు లేదా నంబర్ కోడ్ ఉన్న మోడల్ చూడాలి. ఒక్కొక్కరివి రెండు, మూడు వేళ్లు నమోదు చేయించడం మర్చిపోవద్దు.

ఆటో లాక్ ఇంకో తలనొప్పి. పాల ప్యాకెట్ తీసుకోవడానికో, ముగ్గు వేయడానికో ఫోన్ లేకుండా గడప దాటితే వెనకాలే తలుపు పడిపోతుంది. పెద్దవాళ్లుండే ఇంట్లో పగటిపూట దాన్ని ఆపేసి, రాత్రి ఫలానా టైమ్‌కి లాక్ అయ్యేలా హబ్‌లో పెట్టుకోవడం నయం. లోపలి నుంచి మాత్రం వేలు, కోడ్ ఏవీ అడగకుండా హ్యాండిల్ తిప్పితే తలుపు రావాలి. మంటలు లేచినప్పుడు పొగలో కోడ్ ఎవరికి గుర్తుంటుంది?

ఆటోమేషన్‌లో తాళం వేయడాన్ని సిస్టమ్‌కి వదిలేయొచ్చు, తీయడాన్ని వదలకూడదు. ఫోన్ అపార్ట్‌మెంట్ గేటు దాకా రాగానే తలుపు తెరుచుకోవాలని పెడితే, లొకేషన్ ఒక్కసారి తప్పు చూపినా ఇల్లు తెరిచిపెట్టినట్టే. వాయిస్‌తో తెరవడానికి అలెక్సా పిన్ అడిగేది కూడా అందుకే. ఆ పిన్ కిటికీ అవతలికి వినపడేలా చెబితే మాత్రం లాభం లేదు. ‘లాక్ అయింది’ అని యాప్ చెప్పినంత మాత్రాన తలుపు మూసుకున్నట్టు కూడా కాదు. తలుపు ఓరగా ఉండగానే బోల్ట్ బయటికి వచ్చేయొచ్చు. విడిగా ఒక డోర్ సెన్సర్ పెట్టి, రెండూ సరిపోలితేనే మెసేజ్ వచ్చేలా చేసుకోవాలి.

పనిమనిషికి, నర్సుకి విడివిడిగా టైమ్ కోడ్‌లు ఇవ్వాలి. వాళ్లు మానేసిన రోజే తీసేయాలి. అద్దె ఇల్లయితే పాత కిరాయిదారు వేలిముద్రలు, కార్డులు అన్నీ చెరిపేలా పూర్తి రీసెట్ చేయించుకోవాలి. తాళంచెవుల్లో ఒకటి ఇంటి బయట, అదే ఊళ్లో నమ్మకమైన బంధువు దగ్గర ఉండాలి. ఇక బిగించడానికి వచ్చిన టెక్నీషియన్ డెమో కోసం పెట్టే మాస్టర్ కోడ్ చాలాసార్లు 123456. అతను లిఫ్ట్ ఎక్కేలోపే దాన్ని మార్చేయండి.