రాతిధూళియు, వైద్యుల సాక్ష్యమును

మనలో పెక్కురము మొదట అక్షరములు దిద్దినది పలకమీదనే. మార్కాపురపు పలక ఎరుగని తెలుగు ఇల్లు ఒకప్పుడు అరుదుగా నుండెను. ఆ నల్లరాతిని ఎవరు త్రవ్విరి, దానిమీద వ్రాయు పుల్లను ఎవరు కోసిరి, ఆ పని చేయునప్పుడు వారు ఏ గాలిని పీల్చిరి అని మాత్రము మనము విచారింపము.

మధ్యప్రదేశమునందలి మందసోర్ ప్రాంతమున రాతిని యంత్రపు రంపములతో కోసి స్లేటు పెన్సిళ్లు చేయు పరిశ్రమ యుండెను. అహమ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థకు చెందిన వైద్యులు అచ్చటి పనివారిని పరీక్షించి, 1985లో తమ ఫలితములను ప్రకటించిరి. పరీక్షింపబడిన దాదాపు 600 మందిలో సగముకంటె ఎక్కువమందికి సిలికోసిస్ అను వ్యాధి యున్నట్లు తేలెను. పసిబిడ్డ ఓనమాలు దిద్దు పుల్లకై మరియొకని ఊపిరి వ్యయమగుచుండెనన్న మాట.

ఈ వ్యాధి కొత్తది కాదు. దాని కారణమును నిశ్చయించుటకు మాత్రము వైద్యలోకమునకు శతాబ్దములు పట్టెను. పలువురు నిపుణులు ఒక మాటమీదికి ఎట్లు వచ్చెదరు, రాకున్నచో ఎవరు నష్టపోవుదురు అను సంగతులు ఈ చరిత్రవలన చక్కగా బోధపడును.

ముందుగా వ్యాధి యెట్టిదో తెలిసికొందము. ఇసుకలోను, చెకుముకిరాతిలోను, గ్రానైటులోను సిలికా అను పదార్థము గలదు. అట్టి రాతిని తొలిచినను, కోసినను, పగులగొట్టినను ధూళి లేచును. కంటికి కనబడు పెద్ద రేణువులు ముక్కులోను గొంతులోను చాలవరకు చిక్కుకొనును. మిల్లీమీటరులో నూరవ వంతుకంటె చిన్నవై కంటికి కానరాని రేణువులే ప్రమాదకరములు. అవి ఊపిరితిత్తుల చివరనున్న గాలిగదులవరకు పోవును. మలినములను మ్రింగి శుభ్రపరచు కణములు ఈ రేణువులను మ్రింగునుగాని జీర్ణింపజాలక తామే చచ్చును. అట్లు జరిగిన చోటులందెల్ల మచ్చకట్టి, మెత్తని తిత్తి క్రమముగా గట్టిపడును. మొదట మెట్లెక్కునప్పుడు ఆయాసము. కొన్నేండ్లకు కూర్చున్న చోటనే ఆయాసము. పని మానినను వ్యాధి ముదురవచ్చును. దీనిని పూర్తిగా మాన్పు మందు లేదు. పైగా ఈ రోగికి క్షయ సోకు అవకాశము మిక్కిలి హెచ్చు.

జర్మను పండితుడగు అగ్రికోలా గనులను గూర్చి వ్రాసిన గ్రంథము 1556లో వెలువడెను. కార్పేతియను పర్వతముల గనులయొద్ద ఏడుగురు భర్తలను వరుసగా పోగొట్టుకొన్న స్త్రీలు కలరని అతడు అందు తెలిపెను. 1700లో ఇటలీ వైద్యుడగు రమజ్జినీ వృత్తులవలన కలుగు రోగములపై ఒక గ్రంథము ప్రకటించి, వైద్యుడు రోగిని నీవు చేయు పని యేమి అని తప్పక అడుగవలెనని బోధించెను. ఇంత తెలిసియు నిశ్చయము కుదరలేదు. 1882లో రాబర్టు కాక్ క్షయను కలిగించు సూక్ష్మజీవిని కనుగొనగా, దగ్గుచు చిక్కిపోవు ప్రతి గనికూలీకిని క్షయయే వచ్చినదని చెప్పుట సులభమయ్యెను. క్షయ యైనచో దోషము సూక్ష్మజీవిది. ధూళి యైనచో బాధ్యత యజమానిది. కావున ఈ వివాదము కేవలము పాండిత్య వివాదము కాదు. వితంతువునకు పరిహారము ముట్టుటయు ముట్టకపోవుటయు దీనిమీదనే ఆధారపడి యుండెను.

1904లో ఇంగ్లాండునందలి కార్న్‌వాల్ గనికార్మికులను గూర్చి హాల్డేను మొదలగువారు సమర్పించిన నివేదిక రాతిధూళియే మూలకారణమని చూపెను. ఆ కార్మికులలో పలువురు దక్షిణాఫ్రికా బంగారుగనులలో యంత్రములతో రాతిని తొలిచి వచ్చినవారే. అయినను ఒక్కొక్క దేశపు వైద్యులు ఒక్కొక్క పేరుతో, ఒక్కొక్క లక్షణముతో వ్యాధిని వర్ణించుచుండిరి. ఒకరు తొలిదశ యనినది మరియొకరికి రెండవ దశగా నుండెను. మాటలకు అర్థము ఒకటి కానప్పుడు మనస్సులు ఒకటి యగుట యెట్లు?

ఈ చిక్కును తీర్చుటకై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930 ఆగస్టులో జొహానెస్‌బర్గు నగరమున నిపుణుల మహాసభను జరిపెను. పలు దేశముల వైద్యులు తమ రోగుల వివరములను, ఎక్స్‌రే పటములను ముందుంచుకొని చర్చించిరి. సిలికాధూళిని పీల్చుటవలన కలుగు ప్రత్యేక వ్యాధి సిలికోసిస్ అనియు, అది క్షయ కాదనియు, రెండును కలిసి రావచ్చుననియు అంగీకరించి, దాని దశలను నిర్ణయించిరి. ఫలితము త్వరలోనే కానవచ్చెను. 1934లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పరిహారమునకు తగిన వృత్తిరోగముల పట్టికలో సిలికోసిస్‌ను చేర్చెను.

ఐనను ఈ సభను పొగడి ఊరకుండుట న్యాయము కాదు. సభకు ధనసాహాయ్యము చేసినవారిలో ఆ గనుల యజమానుల సంఘమును గలదు. గనులలో అత్యధికసంఖ్యాకులగు ఆఫ్రికను కూలీలకు తెల్లవారికి జరిగినంత శ్రద్ధతో పరీక్షలు జరుగుచుండలేదు. జబ్బుపడిన కూలీ తన పల్లెకు మరలి అచ్చటనే మరణించినచో, అతని మరణము ఏ లెక్కలోను చేరకుండెను. లెక్కలోనికి రాని రోగి నిపుణుల కంట బడడు. ఆ పాతలోపపు ఫలమేమనగా, 2019లో సయితము జొహానెస్‌బర్గు న్యాయస్థానము గనికార్మికులకును వారి కుటుంబములకును సుమారు 500 కోట్ల రాండుల పరిహారపు ఒప్పందమును ఆమోదింపవలసి వచ్చెను. సాక్షులలో సగముమందిని పిలువక చేసిన తీర్పు సగము తీర్పే గదా!

ఏకాభిప్రాయము అనగా అందరును తలయూపుట కాదు. ఒక తరగతిలో ముప్పదిమంది బాలురను ఒక బల్ల పొడవెంతయో చూపుతో చెప్పుడని అడుగుడు. మొదట తెలివిగలవాడు ఐదడుగులని పైకి చెప్పినచో తక్కినవారును ఐదే యందురు. అది ముప్పది సాక్ష్యములు కాదు, ఒక్కటే. ఎవరికి వారు పలకమీద వ్రాసికొని, పిమ్మట అందరును ఒక్కసారిగా చూపినచో భేదము బయటపడును. భేదమునకు కారణము వెదకుటకు వీలగును. 1950 తరువాతి దశాబ్దమున అమెరికాలో రూపొందిన డెల్ఫీ పద్ధతి ఇట్టిదే. అందు నిపుణులు పేరు తెలియకుండ అభిప్రాయము వ్రాసి యిత్తురు. ఇతరుల యభిప్రాయముల సారమును చదివి తమ మాటను మరల విమర్శించుకొందురు.

ఎక్స్‌రే పటములను చదువుటలోను ఈ జాగ్రత్తయే కావలసివచ్చెను. ఒకే పటమును చూచి ఒక వైద్యుడు రోగమున్నదనును, మరియొకడు లేదనును. అందుచేత అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణపటములను సిద్ధపరచి, వాటి ప్రక్కన రోగి పటమును పెట్టి పోల్చి చదువవలెనని విధించినది. చిన్న మచ్చలు ఎంత దట్టముగా నున్నవో దానినిబట్టి సున్న మొదలు మూడు వరకు తరగతులు గలవు. వీలైనంతవరకు ఒకరికంటె ఎక్కువమంది వైద్యులు విడివిడిగా చదువవలెను. ఏ నేరమును ఒక్క సాక్షి మాటమీద స్థిరపరచరాదని మోషే ధర్మశాస్త్రము విధించిన సంగతి మన బాలబాలికలు ఎరుగుదురు. వైద్యశాస్త్రమును కష్టానుభవముచేత ఆ నియమమునే చేరుకొన్నది.

నిజమైన ఏకాభిప్రాయము కొత్త సాక్ష్యమునకు తలుపు మూయదు. ఈ ధూళి కేన్సరు కలిగించునా అను ప్రశ్నకు లియోన్ నగరమందలి అంతర్జాతీయ కేన్సరు పరిశోధనాసంస్థ 1987లో కలిగింపవచ్చునని మాత్రమే జాగ్రత్తగా చెప్పెను. మరి పదేండ్ల పరిశోధనలను తూచి 1997లో, పనిచోట్ల పీల్చు స్ఫటికరూప సిలికా మనుష్యులకు కేన్సరు కలిగించునని నిశ్చయించెను. తొందరపడి చెప్పుటయు తప్పే. సాక్ష్యము చాలిన పిమ్మట చెప్పకుండుటయు తప్పే.

చెప్పిన మాట చెవిని బెట్టినచో మేలు కలుగును. కృత్రిమ రాతిపలకలను కోయు యువకులకు సిలికోసిస్ వచ్చుచుండుట చూచి, ఆస్ట్రేలియా ప్రభుత్వములు ఆ రాతి వాడుకను 2024 జూలై 1 నుండి నిషేధించెను. మన దేశమునందును సాక్ష్యము కొరవడలేదు. 1947 నాటికే కోలారు బంగారుగనులలో పరీక్షింపబడిన వేలాది కార్మికులలో నూటికి నలువదిమందికి పైగా ఈ వ్యాధి యున్నట్లు వెల్లడియయ్యెను. 1948 నాటి కర్మాగారముల చట్టము దీనిని తప్పక తెలియజేయవలసిన రోగముల పట్టికలో చేర్చెను. ఇన్ని జరిగినను మందసోర్ పనివారు ధూళిలోనే కూర్చుండిరి. నిపుణుల నిశ్చయము కాగితముమీద నిలిచిపోయినచో కూలీకి దానివలన ఒక్క ఊపిరియు అదనముగా రాదు.

నివారణోపాయములు కఠినమైనవి కావు. రాతిని తడిపి కోయుట, ధూళి లేచిన చోటనే గాలియంత్రముతో లాగివేయుట, సాధ్యమైన చోట సిలికా లేని పదార్థమును వాడుట, వీనియన్నిటికిని తోడుగా తగిన ముసుగు ధరించుట. మూతికి గుడ్డ కట్టుకొనుట చాలునని ఎవరును భ్రమపడరాదు. సన్నని ధూళి గుడ్డలోనుండి సులభముగా దూరును.

ప్రియమైన విద్యార్థులారా, మీలో కొందరు రేపు వైద్యులగుదురు, కొందరు యజమానులగుదురు, కొందరు రాతిపనివారి కుమారులై యున్నారు. రమజ్జినీ నేర్పిన ప్రశ్నను మరువకుడు. దగ్గువాడు కనబడినప్పుడు ఏ పని చేయుచున్నావని అడుగుడు. అతడు చెప్పినదానిని శ్రద్ధగా వ్రాసికొనుడు. నిపుణుల మహాసభలన్నియు అట్టి చిన్న ప్రశ్నలకు వచ్చిన జవాబుల నుండియే పుట్టినవి.