పాజిటివ్ అంటే భయపడాలా?

రిపోర్టులో 'పాజిటివ్' అన్న మాట కనబడితే చాలు, మనవాళ్ళకు గుండె జారిపోతుంది. మలేరియా అయినా, క్షయ అయినా పాజిటివ్ అంటే రోగం ఉన్నట్టే కదా! కాని అన్ని రిపోర్టుల్లోనూ ఆ మాటకు ఒకటే అర్థం కాదు.

మా వదినది కామాఠీపురాలోని పాత చాల్. రొమ్ములో గడ్డకు ఆపరేషన్ అయిన తర్వాత వచ్చిన కాగితం పట్టుకుని దాదర్‌లో మా ఇంటికి వచ్చింది. అందులో 'ఈ.ఆర్. పాజిటివ్' అని ఉంది. "తమ్మీ, ముదిరిపోయిందనేనా దీనర్థం?" అని అడిగింది. పరేల్‌లో ఒక పరిశోధనశాలలో నేను టెక్నీషియన్‌ని. ఆమెకు చెప్పిన సంగతులే మీకూ చెబుతున్నాను.

ఈ.ఆర్. అంటే ఈస్ట్రోజెన్ రిసెప్టర్. ఈస్ట్రోజెన్ హార్మోనును అందుకునే ప్రొటీన్. 595 అమినో ఆమ్లాలు గుచ్చిన దండ అనుకోండి. హార్మోను అందగానే ఇది డి.ఎన్.ఏ. మీద తగిన చోట కూర్చుని కొన్ని జన్యువులను పనిలోకి దింపుతుంది. ఇలాంటి ప్రొటీన్లను ట్రాన్స్‌క్రిప్షన్ ఫాక్టర్లంటారు. మనిషిలో ఇవి సుమారు 1,600 రకాలు. గడ్డలో ఈ.ఆర్. ఉంటే అది హార్మోను అండతో పెరుగుతుండవచ్చు. అప్పుడు ఆ అండను తప్పించే టామాక్సిఫెన్ వంటి మాత్రలకు లొంగే అవకాశం ఉంటుంది. అంటే ఇక్కడ 'పాజిటివ్' అన్నది వైద్యానికి తెరుచుకున్న ఒక తలుపు!

కంటికి కనబడని ఈ ప్రొటీన్‌ను పట్టి ఇచ్చేది యాంటీబాడీ. ఒక తాళానికి ఒక చెవి అన్నట్టు, ఒక్కో యాంటీబాడీ ఒక్కో ఆకారాన్ని పట్టుకుంటుంది. పరేల్‌కు ఇది కొత్త విద్య కాదు. 1899లో ప్లేగు పరిశోధనశాలగా మొదలై, 1925 నుంచి హాఫ్‌కిన్ పేరుతో ఉన్న సంస్థలో పాముకాటు మందు కోసం గుర్రాల రక్తం నుంచి యాంటీబాడీలు తీశారు.

మా ల్యాబులో వాడేది ఇంకా సూక్ష్మమైనది. ఈ.ఆర్. దండలో 118వ పూస సెరైన్. కణానికి కబురు అందినప్పుడు దాని మీద ఒక ఫాస్ఫేటు వచ్చి కూర్చుంటుంది. అది ఈ.ఆర్. పనిలో పడిందనడానికి ఒక గుర్తు. ఆ ఫాస్ఫేటు ఉంటేనే మా యాంటీబాడీ పట్టుకుంటుంది, లేకపోతే వదిలేస్తుంది. ఆ ఫాస్ఫేటును ఇచ్చేది ఏ.టి.పి. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి చెప్పి, 1929లో కండరంలో ఈ ఏ.టి.పి.ని కనుగొన్నారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నారు.

ఈ యాంటీబాడీని తయారుచేసే ఒక పద్ధతి ఇదీ. ఫాస్ఫేటు తగిలించిన చిన్న ప్రొటీన్ ముక్కను కుందేలుకు ఇంజెక్షన్‌గా ఇస్తారు. కొన్ని వారాలకు దాని రక్తంలో యాంటీబాడీలు తయారవుతాయి. ఫాస్ఫేటు లేని ముక్కను కూడా పట్టుకునేవాటిని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరి పారేస్తారు. ఆ తర్వాత పరీక్ష: నమూనాలోని ఫాస్ఫేట్లను ఒక ఎంజైముతో ఊడదీస్తే గుర్తు మాయం కావాలి. మాయం కాకపోతే ఆ సీసాను నమ్మకూడదు.

ఇదంతా విని మా వదిన, "మరి ఆ గొప్ప మందుతోనే నా ముక్కను కూడా చూడరాదూ?" అంది. చూడకూడదు. సీసా మీదే 'పరిశోధనకు మాత్రమే' అని రాసి ఉంటుంది. కోసి తీసిన ముక్క ఫార్మలిన్‌లో పడటం ఆలస్యమైతే, అందులోని ఎంజైములే ఫాస్ఫేటును ఊడగొట్టేస్తాయి. ఉన్నది లేనట్టు కనబడుతుంది. అటువంటి జవాబును నమ్మి ఒకరి మాత్రలు ఆపగలమా? పైగా ఒక్కో సీసా పనితనం ఒక్కో తీరు. ఈ తేడాలు చూసే 2015లో నూరుమందికి పైగా శాస్త్రజ్ఞులు పరిశోధనశాలల యాంటీబాడీలకు కచ్చితమైన ప్రమాణాలు కావాలని 'నేచర్' పత్రికలో కోరారు. ఆమె చేతిలోని మామూలు ఈ.ఆర్. పరీక్ష అలా కాదు. ఎందరో రోగుల మీద ఏళ్ళ తరబడి సరిచూసినది.

వైద్యానికి బొంబాయి వచ్చే మన బంధువులకు రెండు మాటలు. రిపోర్టుతో పాటు స్లైడ్లు, మైనంలో భద్రపరిచిన ముక్క - దీన్నే బ్లాక్ అంటారు - అడిగి తెచ్చుకోండి. అవసరమైతే పరీక్ష మళ్ళీ దానిమీదే చేయవచ్చు. ఇక పాజిటివ్ అని కనబడగానే కన్నీళ్ళు పెట్టుకోకుండా, "ఏది పాజిటివ్? దానివల్ల వైద్యంలో ఏం మారుతుంది?" అని డాక్టరుగారిని అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు.