సముద్రంపై నేరం జరిగినచో విచారణాధికారం ఎవరిది?

సిద్దిపేట: జిల్లాకు సముద్ర తీరం లేదు. రంగనాయక సాగర్, కొండపోచమ్మ సాగర్, మల్లన్న సాగర్ జలాశయాలలో ఏ ఘటన జరిగినా, ఆ స్థలం ఏ పోలీస్ స్టేషన్ పరిధిలోనిదో చూసుకుంటే సరిపోతుంది. అయితే వాణిజ్య నౌకలో ఉద్యోగానికి వెళ్ళిన కుమారునిపై సముద్రం మధ్యలో దాడి జరిగినట్లు వార్త వస్తే, జిల్లాలోని తల్లిదండ్రులు ఎవరిని ఆశ్రయించాలి? తీరం లేదన్న కారణంతో స్థానిక స్టేషన్ వారిని వెనుకకు పంపవచ్చునా అన్నదే ఇక్కడి ప్రశ్న.

సముద్రంలో అధికారం మొదట దూరాన్ని బట్టి నిర్ణయమవుతుంది. 1976 నాటి చట్టం ప్రకారం తీరపు ఆధార రేఖ నుంచి 12 నాటికల్ మైళ్ళ వరకు, అనగా సుమారు 22 కిలోమీటర్ల వరకు, ప్రాదేశిక జలాలు. ఇందులో దేశానికి సంపూర్ణ సార్వభౌమాధికారం ఉన్నది. ఈ జలాలలో చేపల వేటను నియంత్రించే అధికారం రాష్ట్రాలది. ఆంధ్రప్రదేశ్‌లో ఇందుకు 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ఉన్నది. ఆ రేఖ దాటిన తరువాత చేపల వేట రాజ్యాంగం ప్రకారం కేంద్ర జాబితాలోని అంశం. 24 మైళ్ళ వరకు గల అనుబంధ మండలంలో భద్రత, కస్టమ్స్, వలసల వంటి పరిమిత విషయాలలోను, 200 మైళ్ళ వరకు గల ప్రత్యేక ఆర్థిక మండలంలో మత్స్య, ఖనిజ సంపదపైన కేంద్రానికి అధికారాలు కలవు.

ఈ గీతల ప్రాధాన్యం 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరంలో వెల్లడైంది. ఇటలీ చమురు నౌక 'ఎన్రికా లెక్సీ'పై ఉన్న నావికాదళ సైనికుల కాల్పులలో ఇద్దరు భారతీయ మత్స్యకారులు మరణించారు. ఘటన జరిగిన చోటు తీరానికి 20.5 నాటికల్ మైళ్ళ దూరం. కేరళ పోలీసులు కేసు నమోదు చేసి ఇద్దరు సైనికులను అరెస్టు చేశారు. ప్రాదేశిక జలాల వెలుపల జరిగినందున ఆ రాష్ట్రానికి అధికారం లేదని, అది కేంద్రానిదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న తీర్పు చెప్పింది. సైనికులకు విచారణ నుంచి రక్షణ ఉన్నదని, భారత్‌కు నష్టపరిహారం చెల్లించాలని 2020లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ నిర్ణయించింది. 10 కోట్ల రూపాయల పరిహారం జమ అయిన తరువాత 2021 జూన్ 15న సుప్రీంకోర్టు కేసును ముగించింది. మృతుల కుటుంబాలు తొమ్మిదేళ్ళకు పైగా వేచి ఉండవలసి వచ్చింది.

పొరుగు దేశపు అధికారులు పట్టుకున్నప్పుడు మార్గం వేరు. గుజరాత్ పడవలపై వేటకు వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను 2018 నవంబరులో పాకిస్తాన్ నిర్బంధించింది. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు వద్ద స్వదేశంలో అడుగుపెట్టారు. ఇక్కడ పోలీసు కేసు కాదు, దౌత్య ప్రయత్నమే ఉపకరించింది.

ఇక సిద్దిపేట కుటుంబం విషయం. దూరంతో పాటు నౌక ఏ దేశంలో నమోదైనదో, నిందితుడు ఎవరో కూడా చూడాలి. భారత్‌లో నమోదైన నౌక ఎక్కడ ఉన్నా భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. విదేశీ నౌకలో ఉన్నా భారత పౌరుడు చేసిన నేరానికీ వర్తిస్తుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా కాగ్నిజబుల్ నేర సమాచారాన్ని స్టేషన్ స్వీకరించాలి. దీనినే వాడుకలో జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. దేశం వెలుపల జరిగిన నేరాన్ని నిందితుడు దొరికిన చోటనే గాక, కేసు నమోదైన చోట కూడా విచారించవచ్చునని 208వ సెక్షన్ చెబుతున్నది. పాత చట్టంలో ఈ రెండవ వెసులుబాటు లేదు. అయితే కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి తప్పనిసరి.

నౌక విదేశీయమై, నిందితుడూ విదేశీయుడై, ఘటన బహిరంగ సముద్రంలో జరిగితే ప్రధానంగా ఆ నౌక పతాక దేశానికే అధికారం. అప్పుడు కుటుంబ సభ్యులు విదేశాంగ శాఖను, ముంబయిలోని నౌకాయాన డైరెక్టరేట్ జనరల్‌ను సంప్రదించవలసి ఉంటుంది. నౌక పేరు, నమోదైన దేశం, నియామక పత్రం, చివరి సమాచారం అందిన తేదీ దరఖాస్తుతో జతచేయాలి.